పడని వికెట్టు

నరసరావుపేటలో అప్పట్లో క్రికెట్ పందేలు కట్టే చోట్లు మూడుండేవి. నాకు మూడూ తెలుసు. ఏది మంచిదని ఎవరన్నా అడిగితే ఇప్పటిక్కూడా టకటకా చెప్పగలను. కానీ ఎవడడుగుతాడు? ఎనభైల్లో సంగతి ఇది. ముప్ఫయ్యేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు నాకు. ఒక ట్యుటోరియల్ కాలేజీలో పదో తరగతి తప్పిన పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. సొంతూరు మాచర్ల. అమ్మ పోయాక అక్కడికెళ్ళినా తలుపు తీసేవాళ్ళు లేరు. మెస్సులో తినటం, గదికొచ్చి పడుకోటం, అంతే. ఆదివారమైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

పందేల్లోకి నేను డబ్బు కోసం పోలేదు. నోటి కోసం పోయాను. టెస్టు మ్యాచి జరిగేటప్పుడు రేడియోలో కామెంటరీ కాసేపు ఇంగ్లీషులో, కాసేపు హిందీలో వచ్చేది. పందెం కట్టేవాళ్ళల్లో మూడొంతుల మందికి ఆ రెండూ రావు. జనం అరిస్తే ఏదో జరిగిందని తెలుసుద్ది. ఫోరు పోయిందా, వికెట్టు పడిందా? అరుపు రెంటికీ ఒకటే. ఒకరోజు హోటల్లో పక్క బల్ల వాళ్ళు దాని మీదే కొట్లాడుకుంటుంటే, ఉండబట్టలేక ఏం జరిగిందో తెలుగులో చెప్పాను. మాచర్లలో మా వీధి సగం సాయిబులే, నాకు హిందీ కూడా వచ్చు. అంతే, మర్నాటి నుంచి మేష్టారూ మేష్టారూ అని ఒకటే పిలుపులు. అబ్బో, ఆ పిలుపులకి నేనెంత పొంగిపోయానో!

మొదట మిర్చి కమిషన్ కొట్టు వెనక గదికి పోయాను. పరుపులు, ఫ్యాను, గంటగంటకీ టీ. రేటు పొద్దున ఎంతంటే సాయంత్రం అంతే, నయాపైసా తేడా రాదు. మోసం లేదు, గొడవ లేదు. మాట కూడా లేదు. పందెం చోట్లని పోల్చేవాడెవడైనా ఆ కొట్టుకే ఫస్టు మార్కిస్తాడు. నేనివ్వను. నెల్లాళ్ళు పోయినా, తిన్నావా మేష్టారూ అన్నవాడు లేడు. రేడియోలో సెల్లులెట్టాగో వాళ్ళకి నేనట్టాగ. మానేశాను.

తర్వాత రైల్వే స్టేషను దగ్గర లాడ్జిలో పై గది. అక్కడ మాటలకేం కొదవ లేదు. పొద్దున పదకొండింటికే గది మందు వాసనతో గుప్పుమనేది. ఓవరు మధ్యలో రేటు మార్చేవాళ్ళు, అడిగితే నీకు వినపళ్ళేదు పొమ్మనేవాళ్ళు. ఒకరోజు అది నడిపేవాడు నన్ను వరండాలోకి పిలిచి, 'వికెట్టు పడ్డ ఎంటనే చెప్పమాకు మేష్టారూ. నే తల గోక్కున్నాక చెప్పు' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. 'నేను ఇంగ్లీషు నేర్చుకుంది నీ తల గోకుడు కోసమేంది!' అని అరిచేసి, మెట్లు దిగొచ్చేశాను. ఆ తెంపరితనాన్ని తల్చుకుని వారం రోజులు మురిశాను.

మూడోది వినుకొండ రోడ్డులో చాచా షెడ్డు. చాచా ట్రాక్టర్లు బాగుచేసేవాడు, అరవై ఏళ్ళ మనిషి. ఇనుము చెక్కే లేతు మిషను ఆపేవాడు కాదు, పందెం దారి పందెందే, పని దారి పనిదే. అక్కడ కట్టేదంతా ఓవరు లెక్కన. ఈ ఓవర్లో వికెట్టు పడుద్దని ఒకడు, పడదని ఒకడు. ఇద్దరి సొమ్మూ చాచా జేబురుమాల్లో ముడి పడేది, గెలిచినవాడి చేతికి ముడి పోయేది. చాచా తనకంటూ టీ డబ్బులు తప్ప ముట్టడు. లేతు మోతలో రేడియో ఎవరికీ వినపడదు గనక దాన్ని నా చెవికి ఆనించుకుని నేను చెప్పాలి. 'మాస్టర్ మాటే ఖరారు' అనేది అక్కడి చట్టం. ఎవడన్నా నసిగితే చాచా రెంచీ ఎత్తేవాడు. నేను షెడ్డులో కాలు పెట్టగానే మొదటి మాట, 'ఖానా అయిందా మాస్టర్?' కూర్చోటానికి లారీ టైరు, పైన రేకులు, ఎండాకాలం పెనం మీద ఉన్నట్టుండేది. అయినా మూడింట్లో నా ఓటు దానికే.

మామ నాకు దొరికింది ఆ షెడ్డులోనే. ఈపూరు పక్క పల్లెటూరాయన, యాభై దాటిన రైతు. రెండెకరాల గట్టు తగాదా కోర్టులో ఉంటే, వాయిదాకి వాయిదాకి నరసరావుపేట వచ్చేవాడు. వాయిదా పడగానే షెడ్డుకొచ్చి నా పక్క టైరు మీద కూచునేవాడు. రూపాయో రెండో కట్టేవాడు, పోయినా నవ్వేవాడు. నన్ను అల్లుడూ అనేవాడు. ఆయనకసలు ఆడపిల్లల్లేరు, అదొక వరస, అంతే. వచ్చేటప్పుడు కండవాలో మూటగట్టుకుని జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి తెచ్చేవాడు. 'తినరా, మెస్సు కూడు తిని ఎండుకుపోయావు' అని తిట్టి పెట్టేవాడు. రెండుసార్లు వాళ్ళూరు తీసకపోయాడు కూడా. నేను గోడ మీద క్యాలెండర్లో ఆయన వాయిదాల తేదీలకి సున్నా చుట్టుకునేవాణ్ణి. ట్యుటోరియల్లో జీతం రోజుకి కూడా చుట్టేవాణ్ణి కాదు.

ఆ రోజు ఆయన మధ్యాన్నం పన్నెండింటికొచ్చాడు. మొహం నల్లగా మాడిపోయుంది. మున్సిఫ్ కోర్టులో కేసు కొట్టేశారు. 'అప్పీలు చేద్దామంటాడు వకీలు. సబ్‌కోర్టులో ఇంకో ఆరేడేళ్ళంట. అత్తమ్మేమో ఇంక చాలు, వదిలెయ్ అంటది' అన్నాడు. అత్తమ్మంటే వాళ్ళావిడ. ఉన్నట్టుండి వేలి ఉంగరం లాగి చాచా ముందు పెట్టాడు.

'ఈ ఓవర్లో వికెట్టు పడుద్ది. పడిందా, అప్పీలుకి పోతా. పడలేదా, ఈ పూటతో పొలం వదిలేస్తా. పైవాడే చెప్పాలి.'

చాచా వద్దన్నాడు. ఉంగరాలు తన షెడ్డులో చెల్లవన్నాడు. మామ వినలేదు. పల్నాటి మనిషి మొండికేస్తే ఎద్దులు గట్టి లాగినా కదలడు. ఒక లారీ ఓనరు పడదని ఉంగరం విలువకి సరిపడా నోట్లు పెట్టాడు. ముడి పడింది. నేను రేడియో చెవికి ఆనించుకున్నాను.

ఒకటో బాలు, ఏం లేదు. రెండోది వదిలేశాడు. మూడోదానికి ఒక పరుగు. మామ నా నోటి వైపే చూస్తన్నాడు. అప్పుడు నా బుర్రలో తిరిగింది కేసు గాదు, పొలం గాదు. వికెట్టు పడకపోతే కేసు లేదు, కేసు లేకపోతే వాయిదాల్లేవు. వాయిదాల్లేకపోతే ఈ మనిషి నరసరావుపేట ఎందుకొస్తాడు? క్యాలెండరంతా తెల్లగా కనపడింది నాకు. నాలుగు, ఐదు, ఏం లేదు. ఆరోది కూడా బ్యాటుకి తగిలి అక్కడే పడిందని కామెంటరీవాడు హిందీలో స్పష్టంగా చెప్పాడు.

'ఔట్!' అని అరిచాను.

షెడ్డు లేచిపోయింది. చాచా ముడి తీసి మామ చేతిలో పెట్టాడు. మామ దాన్ని కళ్ళకద్దుకున్నాడు. మర్నాడు పేపర్లో స్కోరొచ్చుద్ది గదా, ఒక వికెట్టు తక్కువుంటే నా గతేంది? పావుగంట రేడియో చెవి నుంచి తియ్యకుండా విన్నాను. నాలుగు ఓవర్ల తర్వాత నిజంగానే ఒకడు క్యాచిచ్చాడు. నేను రేడియో మీద అరచెయ్యి కప్పి, 'ఏం లేదు, మెయిడినే' అన్నాను. అప్పు తీరిపోయింది, లెక్క సరిపోయింది. ఆ ఓవర్లో వికెట్టు పడుద్దని రెండు రూపాయలు కట్టింది తోపుడు బండి మీద అరటిపళ్ళమ్మే ఒకాయన. 'నా రాతే అంత' అని బండి తోసుకుంటా పోయాడు. నాకు ఆయన గురించి ఆలోచనే రాలేదు. పేపరు సంగతి గట్టెక్కిందని గదికొచ్చి హాయిగా పడుకున్నాను.

మామ అప్పీలు వేశాడు. తర్వాత మూడు నెలలూ నా జీవితంలో మంచి రోజులు. వాయిదాలకి ముందు వకీలు దగ్గరికని, కాగితాలకని, ఇంకా ఎక్కువే వచ్చేవాడు. ఒక ఆదివారం మళ్ళీ వాళ్ళూరు తీసకపోయాడు. చావట్లో పీటలేసుకుని ఇద్దరం అన్నం తింటన్నాం. చింతచిగురు పప్పు. అత్తమ్మ వడ్డిస్తా, ఖర్చు చానా అవుతుందని గొణిగింది. మామ గట్టిగా, 'ఏమే, ఎన్నిసార్లు చెప్పాలి? ఆ రోజు కోటయ్య సామే నోరు తెరిచి చెప్పాడు, అప్పీలుకి పొమ్మని' అన్నాడు.

ఇది మొదటిసారి కాదు. వచ్చినప్పుడల్లా ఇదే మాట. కోటప్పకొండ మీదున్న సామికి కొబ్బరికాయలు, నాకేమో జొన్నరొట్టెలు! నాకెందుకో రోషమొచ్చింది. ఎంత గాడిదనో చూడండి, దేవుడి మీద అసూయపడ్డాను. ఈయన కోసం నేనెంత చేశానో ఈయనకి తెలియాలనిపించింది.

'సామి గాదు మామా, నేను' అన్నాను.

'ఏంది నువ్వు?'

చెప్పేశాను. నవ్వుకుంటానే చెప్పాను, ఏదో ఘనకార్యం చేసినట్టు. పడని వికెట్టు పడిందన్నది, పడ్డదాన్ని మింగేసింది, పేపరు లెక్క సరిపోయింది, అంతా. మామ కూడా మొదట నవ్వాడు. తర్వాత ముద్ద కంచంలో పెట్టేశాడు.

'మరి అరటిపళ్ళాయన రెండ్రూపాయలు?' అన్నాడు.

'రెండ్రూపాయలే గదా మామా.'

'నేను పైవాణ్ణడిగా. పొలం ఉంచుకోవాల్నా, వదులుకోవాల్నా అని ఆయన్నడిగా. మధ్యలో చెప్పటానికి నువ్వెవడివిరా?'

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోటానికేముంది, వచ్చింది. 'కేసు పోతే నువ్వు నరసరావుపేట రావు. నువ్వు రాకపోతే నాకెవరున్నారు మామా?' అన్నాను.

అత్తమ్మ చేతిలో గరిటె అట్టాగే ఆగిపోయింది. మామ కంచం పక్కకి జరిపాడు.

'దానికి కోర్టెందుకురా? రమ్మంటే రానా?' అన్నాడు.

చెయ్యి కడుక్కున్నాడు. నన్ను మాత్రం తినమన్నాడు. ఆయనే రోడ్డు దాకా వచ్చి బస్సెక్కించాడు. బస్సు కదిలే దాకా నిలబడ్డాడు గానీ మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. రమ్మంటే రానా అన్న మాట నాకు ముందు తెలియకపోయిందే అని బస్సులో దారంతా తల కొట్టుకున్నాను. ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. అడగటం అనేది ఒకటుందని నాకెవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.

తర్వాత అప్పీలు విరమించుకున్నాడని వకీలు గుమాస్తా చెప్పాడు. ఇంకో నెలకి మళ్ళీ టెస్టు మ్యాచి వచ్చింది. నేను షెడ్డులో నా టైరు మీద కూచుని ఉన్నాను. పదింటికి మామ వచ్చాడు. నాకోసమే వచ్చాడనుకున్నాను. నా వైపు చూడకుండా నేరుగా చాచా దగ్గరికి పోయి, ఆ రోజు గెలిచిన నోట్లతో పాటు ఉంగరం కూడా బల్ల మీద పెట్టాడు.

'పందెం న్యాయంగా లారీ ఓనరుది చాచా. ఇవి ఆయనకియ్యి' అన్నాడు. అరటిపళ్ళాయన్ని పిలిచి రెండు రూపాయలు ఆయన చేతిలో పెట్టాడు. 'ఆ రోజు నా ఓవర్లో వికెట్టు పడలేదు, నీ ఓవర్లో పడింది. నేనే మేష్టారి కాళ్ళావేళ్ళా పడి అబద్ధం చెప్పించా.'

చాచా లేతు ఆపాడు. పని వేళ ఆ మిషను ఆగటం నేను చూసింది అదొక్కసారే. లారీ ఓనరు లేచి మామని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ పెద్దమనిషి, ఊళ్ళో పదిమందికి తగువులు తీర్చే మనిషి, చేతులు కట్టుకుని పడ్డాడు. తన ఇంట్లో అన్నం తిన్నవాణ్ణి నలుగురిలో పట్టివ్వగూడదనుకున్నాడు, అంతే. చాచా నా వైపు తిరిగాడు.

'సచ్ హై క్యా మాస్టర్? ఈయనే చెప్పించాడా?'

అందరూ నా నోటి వైపు చూస్తన్నారు. ఆ షెడ్డులో నా మాటే ఖరారు. కాదు, నా అంతట నేనే చెప్పాను అంటే చాలు. అంటే మళ్ళీ ఈ టైరు మీద కూచోనివ్వరు. ఖానా అయిందా అని అడిగేవాళ్ళు ఇంకెక్కడా లేరు. మామ కూడా అప్పుడే ఒక్కసారి నా వైపు చూశాడు.

నేను తలూపాను, అవునని.

మామ కండవా దులిపి భుజానేసుకుని వెళ్ళిపోయాడు. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కొద్దని చాచా వెనక నుంచి అరిచాడు. తర్వాత నా దగ్గరికొచ్చి భుజం తట్టి, 'నువ్వు మెత్తనోడివి మాస్టర్, నిన్ను బాగా వాడుకున్నాడు' అన్నాడు. లేతు మళ్ళీ మొదలయింది. ఎవడో, 'ఏమన్నాడు మేష్టారూ, స్కోరెంత?' అని అడిగాడు.

నేను రేడియో చెవికి ఆనించుకుని స్కోరు చెప్పాను.