బస్సు నిలపాలని రాసిన అర్జీ

తమిళంలో అర్జీ రాయాలంటే మా వీధిలో నా తర్వాతే ఎవరైనా. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నదని రాయాలని ఉంది కానీ, నిజానికి నేనే అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. తమిళనాడు అంచున, హోసూరు పక్కనున్న మత్తిగిరిలో మాది కిరాణా కొట్టు. ఇంట్లో తెలుగు, కొట్లో సగం కన్నడం, బళ్ళో చదువంతా తమిళం. వీధి దీపం వెలగకపోయినా, కుళాయిలో నీళ్ళు రాకపోయినా అందరూ తెల్లకాగితం పట్టుకుని నా దగ్గరికే వస్తారు. నేనూ కళ్ళజోడు తుడుచుకుని, ఈ పని కూడా నా నెత్తినే పడిందే అన్నట్టు మొహం పెట్టి, లోపల సంబరపడుతూ రాసిపెడతాను.

ఒకసారి, మా ప్రాంతంలో బస్సులు ఎలా నడవాలో జనమే చెప్పాలంటూ రవాణా ఆఫీసువాళ్ళు కల్యాణ మండపంలో మీటింగు పెట్టారు. సొంత బండ్లు తగ్గాలి, బస్సులు పెరగాలి, పొగ తగ్గాలి అన్నారు. అందరం తలలూపాము. అందరం సొంత బండ్ల మీదే వచ్చాము. మండపం ముందు మేము అడ్డదిడ్డంగా పెట్టిన స్కూటర్ల వల్ల తళి ఊరికి పోయే బస్సు కదల్లేక ఒకటే హారన్ కొట్టింది. ఆ గోలకు మైకులో మాట వినబడడం లేదని మేము తలుపులు మూయించాము.

ఆ మీటింగుకు నడిచి వచ్చింది పూలక్క ఒక్కతే. మా ఇళ్ళ వెనకాల ఆమెకు కాస్త చేను ఉంది. చామంతులు వేస్తుంది. తెల్లారకముందే పూలు కోసి, గంప నెత్తిన పెట్టుకుని, పశువుల ఫారం గోడ పొడవునా నడిచి స్టాపులో మొదటి బస్సు ఎక్కుతుంది. హోసూరు పూల మార్కెట్టుకు పొద్దెక్కి పోతే ఆ పూలను అడిగేవాడుండడు. ఆ బస్సు ఆమె చేని పక్క, దారులు కలిసే క్రాసు మీదుగానే పోతుంది కానీ అక్కడ ఆగదు. ఆమె మోకాళ్ళకేమో ఆ గోడ ఏటేటా పొడుగవుతోంది.

"అందరూ ఏమేమో అడగతాండారు. నాకు ఒకటే కావల్ల. బస్సు మా క్రాసులో నిలపమని రాయప్పా," అంది నా పక్కన కూర్చుని.

"అదెంత పనక్కా," అన్నాను.

ఆమె చెప్పినట్టు రాసి ఉంటే రెండు లైన్లు. నాకవి చాలలేదు. మనవి, వినయం, పొగ, పర్యావరణం అన్నీ కలిపి పేజీ నింపి, చివర పుస్తకాల తమిళంలో ఒక వాక్యం పెట్టాను. ముదల్ పేరుందై నిరుత్త వేండుం. అంటే, మొదటి బస్సును నిలపాలి. క్రాసు పేరు పైన చిరునామాలో ఉంది కదా, మళ్ళీ రాస్తే వాక్యం అందం చెడుతుందని వదిలేశాను. చదివి సంతకం పెట్టండయ్యా అని వీధివాళ్ళతో అంటే, "నువ్వు రాసినాక మేము చూసేదేముండాదప్పా" అన్నారు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. బస్సు నిలిపేశారు. క్రాసులో కాదు, మొత్తానికే. జనం కోరిక మేరకు మొదటి బస్సును కొన్నాళ్ళు వేరే దారిలో నడిపి చూస్తామని స్టాపులో కాగితం అంటించారు. నిలపడమంటే ఆపి ఎక్కించుకోవడమూ అవుతుంది, రాకుండా మానిపించడమూ అవుతుంది. తమిళంలోనూ అంతే, తెలుగులోనూ అంతే. మూడు భాషల మొనగాడికి ఆ సంగతి తట్టలేదు. బస్సు రాలేదని మా వీధిలో ఇంకెవరికీ తెలియను కూడా తెలియలేదు. అందరికీ బండ్లున్నాయి.

పూలక్క క్రాసులో షేర్ ఆటో కోసం నిలబడింది. గంప పెట్టే చోట ఇద్దరు మనుషులు పడతారని ఆటోవాడు ఎక్కించుకోలేదు. రెండు రోజులు గంపతోనే వెనక్కి వచ్చింది. మూడో రోజు తెల్లవారగానే నేను స్కూటరు తీసి క్రాసుకు వెళ్ళాను.

"హోసూరులో పనుండాది, ఎక్కక్కా," అన్నాను. పనేమీ లేదు. తప్పు ఒప్పుకునే ధైర్యమూ లేదు.

ఇక రోజూ అదే వరస. నా వీపుకూ ఆమెకూ మధ్య గంప, నా కాలర్లో చామంతి రేకులు. కొట్టుకు వచ్చినవాళ్ళు "ఎవరి పెండ్లప్పా?" అని అడిగేవారు. మార్కెట్టులో దిగేటప్పుడు ఆమె గుప్పెడు పూలు నా జేబులో కుక్కి, "ఇంట్లో ఆయమ్మకియ్యి" అనేది. పైగా, ఇంత మంచివాడు ఎక్కడా ఉండడని వీధంతా చెప్పింది. అది వినబడినప్పుడల్లా నేను బియ్యం మూటల వెనక్కి వెళ్ళి ఏదో వెతుకుతున్నట్టు నిలబడేవాణ్ణి.

రెండో మీటింగులో పూలక్క లేచి బస్సు ఎందుకు తీసేశారని అడిగింది. "నిలపమని మీరే కదమ్మా రాసిచ్చింది," అని ఆఫీసరు నా అర్జీ తీసి పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పాడు. చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నాడు కూడా. పూలక్క నా వైపు తిరిగింది. నేను నేల చూశాను. ఆమె నేరుగా గోడకు తగిలించిన మ్యాపు దగ్గరికి పోయి, క్రాసు ఎక్కడో అడిగి, దాని మీద వేలు పెట్టింది.

"బస్సు రావల్ల. ఈడ నిలబడల్ల. నేను గంపతో ఎక్కల్ల. మళ్ళా బస్సు పోవల్ల. నువ్వే రాసుకో సామీ. ఆయప్పతో మాత్రం రాయించద్దు."

మండపమంతా గొల్లుమంది. ఆఫీసరు ఆ నాలుగు ముక్కలూ ఉన్నవున్నట్టు రాసుకున్నాడు.

బయటికి వచ్చాక, "తప్పు నాదేనక్కా. చెప్పేదానికి నోరు రాలేదు," అన్నాను.

"మేలాయె," అంది ఆమె. "ఊరికే ఇంత చేస్తాండాడు, ఈయప్పకు నేనేమి చేసేది అని నాకు నిద్రే పట్టలేదు. తప్పు నీదయితే సరిపోయింది. బస్సొచ్చేదాకా రోజూ బిరీన వచ్చేయి."

కొన్నాళ్ళకు బస్సు మళ్ళీ వచ్చిన మొదటి రోజు కూడా అలవాటు కొద్దీ స్కూటరు తీసుకుని క్రాసుకు వెళ్ళాను. బస్సు ఆగింది. కండక్టరు గంప అందుకున్నాడు. పూలక్క కిటికీలోంచి తల బయటపెట్టి కేకేసింది.

"అప్పా, ఇంక నీ బండి నిలిపేయి!"

బండి అప్పటికే స్టాండు వేసి నిలిపే ఉంది. ఆమె అన్నది ఆ నిలపడం కాదని ఈసారి నాకు వెంటనే అర్థమైంది. ఆమె గోడ వెంట నడిచే బాధ తప్పిందని సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ బస్సు మలుపు తిరిగేదాకా బండి స్టార్టు చెయ్యలేదు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య ఎప్పటిలా వాకిట్లో చెయ్యి చాపింది.

"పూలు యాడ?"

"బస్సెక్కి పోయినాయి," అన్నాను.