ఎద్దు మీద పూసిన గుట్టపూలు

కొత్తకోడలుగా ఉన్న ఆ రోజుల్లో తెలిసింది నాకు, మనిషికి ఏది దొరక్కపోతే అదే బంగారమవుతుందని. నాకు మన్ను బంగారమైంది. నవ్వుకోండి, ఫరవాలేదు. మా పుట్టిల్లు కప్పగల్లు. అత్తగారిల్లు బళ్ళారి బ్రూస్‌పేటలో, అంగడి పైన మేడ, దాని మీద మిద్దె. బోర్లకు పైపులు బిగించే పని మానుకున్నాక మా మామ ఫోన్లో ఏదో చూసి, మన్ను లేకుండా పంట తీస్తానని పట్టుబట్టినాడు. మిద్దె మీద తెల్లపైపులకు బొక్కలు పెట్టి, మోటరుతో మందునీళ్ళు తిప్పి, పుదీనా, పాలకూర పెంచేవాడు. మాకంటే అవే వేళకు తినేవి. అంతటితో ఆగినాడా? "తెగులంతా మన్నులోనే ఉండాది" అని ఇంట్లోకి మన్ను రానిచ్చేవాడు కాదు. వాకిట్లో బకెట్టు, వచ్చినోళ్ళంతా కాళ్ళు కడగాల. ఆలుగడ్డలు కూడా స్నానం చేసే లోపలికొచ్చేవి.

నా మనసేమో మా ఊరి గుట్ట మీద. తొలకరి పడితే అక్కడ కంపచెట్ల నీడన వేలిగోరంత పసుప్పచ్చ పూలు పూస్తాయి. పేరేందో మా అవ్వకే తెలీదు, గుట్టపూలనేవాళ్ళం. దేవుడికి పెట్టరు, జడలో నిలవవు, మేకలు కూడా వాసన చూసి వదిలేస్తాయి. ఊరికే చూసుకునేదానికే. ఒకసారి ఒక మొక్కకు వేళ్ళ మన్ను కడిగి తెచ్చిస్తే, మామ దాన్ని పైపులో కూర్చోబెట్టి పుదీనాకంటే ఎక్కువ మర్యాద చేసినాడు. వారం తిరక్కుండా అది వాడిపాయె. "మొండిదమ్మా ఇది. మంచి తిండి పెడితే అలిగింది" అన్నాడు. (నన్నే అన్నట్లనిపించి వంటింట్లోకి పోయి ఏడ్చినాను.)

ఇంతలో మణ్ణెత్తిన అమావాస్య వచ్చింది. మన్నుతో జత ఎడ్లు చేసి పూజించే పండగ. కొత్తకోడలు తన చేత్తో ఎడ్లు చేయాలని ఆ ఇంటి ఆచారం.

"మన్ను లేకుండా మన్నెడ్లెట్లా మామా?"

"కొబ్బరిపొట్టు ఉండాది కదమ్మా! బళ్ళారికే ఫస్టు!"

మొక్కల వేళ్ళ కింద వేసే పొట్టు అది, ఇటుక మాదిరి అదిమి అమ్ముతారు. దాన్నే చెక్కి, కొమ్ములు పెట్టి, కుంకుమ దిద్దినాను. అత్త చెంబుతో ఎడ్ల కాళ్ళు కడిగింది. అంతే, నీళ్ళు పీల్చి ఎడ్లు ఉబ్బడం మొదలుపెట్టినాయి. ముందు చూలెడ్లయినాయి (ఎద్దుకు చూలేందని అడగద్దు, నేను కండ్లారా చూసినాను), తర్వాత కాళ్ళు మాయమైనాయి, చివరికి పీట మీద రెండు దిబ్బలు, వాటికి బొట్లు.

"ఏందయ్యా ఇది! ఆడ కంప్లిలో మన మడి నాటాల, ఈడ ఎడ్లు చచ్చిపాయ! కోడలి చెయ్యి మంచిది కాదని మీ అక్క ఊరంతా చాటదా?"

"సుమ్నె ఉండే, అరవద్దు! చావలేదు, నీళ్ళు తాగినాయి."

అత్త నన్ను పక్కకు పిలిచి టిఫిను డబ్బా చేతిలో పెట్టింది. "ఆటోలో మీ ఊరికి పోయి రా. పొద్దు గుంకకముందే పూజ అయిపోవాల." గుట్ట మీద కంపచెట్ల నీడలో డబ్బా నిండా మన్ను తవ్వుకొని, కొంగు కింద దాచుకొని వస్తాంటే మెట్ల మీద మామ.

"ఏంది డబ్బాలో?"

"చిత్రాన్నం మామా."

"నాకింత పెట్టమ్మా!"

"అది దేవుడికి!" అని లోపల్నుంచి అత్త అరిచింది. అబద్ధమేం కాదు.

ఈసారి ఎడ్లు నిలబడినాయి. మామ చూసి నోరు తెరిచినాడు. అత్త కర్పూరం వెలిగిస్తాంటే ఏమంటాడు? తెరిచిన నోటితోనే దండం పెట్టినాడు. మరుసటి దినం వాటిని బావిలో వదలాల. "రేపు పోదాం" అన్నాడు. ఆ రేపూ అదే మాట. ఒక పొద్దున పుదీనాకని మిద్దెక్కితే, మామ పైపుల పక్కన గొంతుకూచుని చెంచాతో ఎద్దు మూపురం మీద మందునీళ్ళు పోస్తాండాడు. మూపురం నిండా పచ్చటి మొలకలు.

"మన్ను ఇంట్లోకి రాకూడదంటివి కదా మామా?"

తలెత్తకుండానే అన్నాడు: "మన్ను యాడుందమ్మా? ఇది ఎద్దు."

వానలు ముదిరేసరికి దానికి ఒక కొమ్ము రాలింది గానీ, వీపంతా గుట్టపూలే. ఇప్పుడు మిద్దె నిండా కుండీలు. మామ లెక్కలో అవన్నీ ఎడ్లే. "ఎడ్లకు నీళ్ళు పెట్టినారా?" అని ఆయన అరిస్తే, చుట్టాలు బిత్తరపోయి మిద్దె వైపు చూస్తారు. మన్ను దాచాల్సిన పని లేదు, అయినా ప్రతి తొలకరికీ ఆ డబ్బా కొంగు కిందే తెస్తాను. "ఏంది డబ్బాలో?" అంటాడు మామ. "చిత్రాన్నం" అంటాను. అప్పుడు నా పక్కనే ఇంకో పిల్ల, ఆనాటి నేనే, కొంగు బిగబట్టుకొని మెట్లెక్కుతా ఉంటుంది. "మెల్లగా ఎక్కే, ఒలికిపోతాది" అని దానికి చెప్పి నవ్వుకుంటాను.