వసీలా గడ్డ

బిజెర్తా పట్టణంలోని తన ఇంట్లో, కాడ వెలుతురువైపు వంగిపోకుండా, వసీలా కిటికీలోని అమరిల్లిస్ పూలమొక్క కుండీని రోజూ కాస్త తిప్పుతుంది. ఆ మొక్క గడ్డ చనిపోయిన చెల్లెలి పెరటిది. కిందటేడు శీతాకాలంలో వసీలా ఊళ్లో లేనప్పుడు కోడలు మునియా ప్రేమకొద్దీ నీళ్లు పోసిపోసి దాన్ని కుళ్లబెట్టింది.

"పారేద్దాం అత్తయ్యా, కంపు కొడుతోంది. బజార్లో కొత్తది తెస్తాను," అంది మునియా బెదురుతూ.

"బజార్లో మా చెల్లెలు దొరుకుతుందటే? కత్తి ఇటివ్వు!"

గట్టి తెల్లటి కండ తగిలేదాకా వసీలా కోస్తూనే పోయింది. వేళ్ల మొదలుతో ఉల్లిపాయంత ముక్క మిగిలింది. మళ్లీ కుళ్లకుండా దానికి బొగ్గుపొడి అద్ది, ఆరబెట్టి, పైభాగం మట్టి పైకి కనిపించేలా ఇసుకమట్టిలో నాటింది. ఆ ఏడు ఆకులే వచ్చాయి. వేసవంతా పెరటి నీడలో ఉంచింది. మరుసటి వసంతంలో మొగ్గ తలెత్తింది.

వసీలా కోడల్ని పిలిచి నీళ్ల చెంబు చేతికిచ్చింది. "ముందు మట్టిలో వేలు పెట్టి చూడు. పొడిగా ఉంటేనే పొయ్యి. ఇక ఇది నీదే."