మొదటి లైను చదవమన్న మేడం

మాకు జావా ప్రోగ్రామింగ్ చెప్పిన మేడం పోయారని మొన్న ఉదయం కాలేజీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. తాడేపల్లిలో మా ఆఫీసు మెట్లు ఎక్కుతున్నదాన్ని అక్కడే ఆగి ఆ మెసేజ్ మళ్లీ చదివాను.

మాది చీరాల. అమ్మానాన్నలు మగ్గం నేస్తారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి గుంటూరు దగ్గర ఇంజనీరింగ్‌లో చేరాను. ల్యాబులో తప్పులు చూపే ఇంగ్లీషు లైన్లు తెర మీద ఎర్రగా కనిపిస్తే చాలు, చదవకుండానే కళ్లు తిప్పుకునేదాన్ని. రెండో ఏడు ఒక మధ్యాహ్నం, ఏ రకం వస్తువులిచ్చినా వాటిలో పెద్దది తేల్చే ప్రోగ్రాం రాయమన్నారు. నాది కంపైల్ కాలేదు, కంప్యూటర్ దాన్ని ఒప్పుకోలేదు. ఏది మార్చినా ఎర్రర్లు పెరిగాయే గానీ తగ్గలేదు. చదువు మానేసి ఇంటికెళ్లిపోతానని పక్కనున్న స్నేహితురాలితో అంటుంటే మేడం విని, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"వెళ్దువుగానిలే. ముందు అదేమంటోందో చదువు."

"తిడుతోందండీ," అన్నాను ఏడుస్తూ.

"తిట్టట్లేదమ్మా, అడుగుతోంది. మొదటి లైను చదువు చాలు, మిగతావన్నీ దాని వెంట వచ్చిన చుట్టాలు. నువ్వు 'ఏ రకమైనా సరే' అని రాశావు. మరి ఒకదానితో ఒకటి పోల్చడానికి వీల్లేనివి వస్తే, ఏది పెద్దదో అదెట్లా చెబుద్ది?"

"పోల్చగలిగేవే రావాలని రాయాలాండీ?"

"ఆఁ, రాయి మరి. హద్దు పెట్టు."

'ఏ రకమైనా' అనడానికి నేను వాడిన టి అనే అక్షరం పక్కన, పోల్చగలిగేవే అని అర్థమొచ్చేలా 'ఎక్స్‌టెండ్స్ కంపేరబుల్' అని చేర్చాను. ఎర్రర్లన్నీ ఒక్కసారిగా పోయాయి.

"ఇప్పుడెళ్తావా ఇంటికి?" అన్నారు మేడం. నేను వెళ్లలేదు.

ప్రోగ్రాం వచ్చిన పిల్లని రాని పిల్ల పక్కన కూర్చోబెట్టడం ఆమెకి అలవాటు. "కీబోర్డు ముట్టుకోబాక, నోటితోనే చెప్పు," అనేవారు. అలా చెప్పీ చెప్పీ నాకు మాట వచ్చింది. ఇంటర్వ్యూలో నన్ను నిలబెట్టింది అదే.

నిరుడు గొంతు ఆపరేషన్‌తో ఆమెకి మాట పోయింది. అయినా కొన్నాళ్లు బోర్డు మీద రాస్తూనే పాఠం చెప్పారట.

పోయిన నెల మేడం ఇంటికి వెళ్లి చూశాను. ఏం మాట్లాడాలో తెలియక, ఆఫీసులో నన్ను సతాయిస్తున్న ఎర్రర్ గురించి చెప్పాను. "ఈ లిస్టులో అంకెలు వేయనివ్వట్లేదండీ." ల్యాప్‌టాప్ ఇమ్మని చేయి చాపారు. ఒళ్లో పెట్టుకుని, పై హద్దు పెట్టే 'ఎక్స్‌టెండ్స్' చెరిపి, కింది హద్దు పెట్టే 'సూపర్' అని కొట్టారు. దాని కింద, ప్రోగ్రాం పట్టించుకోని కామెంటుగా, తెలుగులో టైపు చేశారు: "లిస్టులోంచి తీసుకోవాలంటే పై హద్దు, అందులో వేయాలంటే కింది హద్దు. మర్చిపోయావా పిల్లా?"

ఈసారి కంపైల్ అయింది. ల్యాప్‌టాప్ అందుకోబోయాను. మేడం ఇవ్వలేదు. సన్నబడిన వేళ్లతో పేజీని మెల్లగా కిందికి జరుపుతూ, ఇంకా ఎర్రర్లేమైనా మిగిలాయా అన్నట్టు, తెర వంకే చూస్తూ ఉండిపోయారు.