అశోక్‌నగర్ మూడో అంతస్తులో జర్మనీ

నా చిన్నప్పుడు మా చిక్కడపల్లి సందులో విమానం ఎక్కబోయే మనిషికి పెళ్ళికూతురి కన్నా ఎక్కువ మర్యాద జరిగేది. పెళ్ళికూతుర్ని చూడ్డానికి చుట్టాలే వస్తారు. మా పిన్నిని చూడ్డానికి మాత్రం సందు సందంతా వచ్చింది. ఊరికే చూసి పోయినవాళ్ళు పోగా, దగ్గరివాళ్ళు మాత్రం ఉత్త చేతులతో రావడం బాగుండదని తలా ఒక వస్తువు పట్టుకొచ్చారు. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

పిన్ని అంటే మా అమ్మకి ఆఖరి చెల్లెలు. అప్పట్లో మేమందరం తాతయ్య అద్దెకుంటున్న వాటాలోనే ఉండేవాళ్ళం. విద్యానగర్‌లో పిన్ని చదువుతున్న కాలేజీ వాళ్ళు ఆమెని ఒక్క సెమిస్టర్ చదువుకి జర్మనీ పంపిస్తామన్నారు. వెళ్ళడం, ఆ కాస్తా చదవడం, తిరిగి రావడం, అంతే సంగతి. కానీ మా అమ్మమ్మ లెక్కలో ఒక సెమిస్టర్ అంటే సగం వానాకాలం, చలికాలం మొత్తం, నాలుగు పండగలు, ఒక జలుబు. వాటన్నిటికీ సరిపడా సామాను ఇక్కణ్ణుంచే వెళ్ళాలని ఆవిడ తీర్మానించేసింది.

అక్కడి కాలేజీ వాళ్ళు ముందే చెప్పారట: తెచ్చుకుంటే ఒక్క పెట్టె తెచ్చుకోండి, దిగాక రైళ్ళు మారాలి, మీకిచ్చే గది పై అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, ఎవరి సామాను వాళ్ళే మోసుకోవాలి అని. మా ఇంట్లో ఈ మాట ఎవరూ నమ్మలేదు. కాచిగూడ స్టేషన్లో దిగితేనే నలుగురు కూలీలు మీద పడతారు, అంత పెద్ద దేశంలో ఒక్కడు దొరకడా అని అమ్మమ్మ కొట్టిపారేసింది.

అలా ఆవిడ వంతుగా ఆవకాయ జాడీ ఒకటి, అల్లం నూరుకోవడానికి చిన్న రాతి రోలు ఒకటి సిద్ధమయ్యాయి. అశోక్‌నగర్‌లో వేరే కాపురం ఉంటున్న మా మామయ్య సుల్తాన్ బజార్ అంతా తిరిగి ఒక రజాయి తెచ్చాడు. అది ఎంత మందమంటే, దాన్ని మడత పెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి, మడత విప్పకుండా పట్టుకోవడానికి మూడో మనిషి కావాలి. మేడమీద వాటాలో ఉండే, మేము పెద్దమ్మ అని పిలిచే పొరుగావిడది వరంగల్ వైపు. ఆవిడ పెద్ద డబ్బా నిండా సకినాలు చేసి తెచ్చింది. అమ్మమ్మకీ ఆవిడకీ నీళ్ళ పంపు దగ్గర మాటల్లేని రోజులు ఉండేవి గానీ, పిన్నికి పెట్టే విషయంలో మాత్రం ఇద్దరూ పోటీ పడ్డారు.

నేను కూడా ఇచ్చాను. నా వామనగుంటల పీట ఇచ్చాను. మద్దికర్రతో చేసింది, నా చెయ్యంత పొడుగు, ఎత్తితే నా నడుం వంగేది. మధ్యాహ్నాలు పిన్నీ నేనూ వసారాలో కూర్చుని దానిమీద చింతగింజలతో ఆడుకునేవాళ్ళం. పీట ఆమెతో వెళ్తే నన్ను మర్చిపోదని నా ఆలోచన. ఇంకా నిజం చెప్పాలంటే, నన్ను మర్చిపోతుందన్న భయంతో నాకు అన్నం కూడా సరిగ్గా సయించడం లేదు.

మా పిన్నికి అన్ని తెలివితేటలూ ఉన్నాయి గానీ, ఒకరిచ్చినదాన్ని వద్దనే విద్య మాత్రం రాలేదు. ఇచ్చిన ప్రతిదీ కళ్ళకద్దుకుని తీసుకుంది. శనివారం సాయంత్రం పెట్టె సర్దింది. మూత పడలేదు. నన్నెక్కి కూర్చోమంది, కూర్చున్నాను. మామయ్య కూడా ఎక్కాడు. గొళ్ళెం ఒకటి టప్పున ఊడి పోయి దేవుడి గూట్లో పడింది. దాంతో పిన్ని నేల మీద చతికిలబడి ఏడ్చేసింది. ఇవి లేకుండా వెళ్తే వీళ్ళంతా నొచ్చుకుంటారు, ఇవి పట్టుకుని నేను ఆ మెట్లెక్కలేను, సోమవారం కాలేజీకి వెళ్ళి నేను జర్మనీ వెళ్ళనని చెప్పేస్తాను అంది. అనడమే కాదు, చెప్పేసేలాగే ఉంది. వెళ్ళకపోతే మానెయ్ గానీ ఆవకాయ లేకుండా మాత్రం పంపనని అమ్మమ్మ తెగేసి చెప్పింది.

తాతయ్య అప్పటిదాకా పేపర్ చదువుతూనే ఉన్నాడు. మా తాతయ్య పేపర్ వెనకాల ఉన్నాడంటే వినడం లేదని అందరూ అనుకునేవాళ్ళు. ఆయన పేపర్ మడిచి, ఇచ్చినవాళ్ళందరూ రేపు పొద్దున్నే రావాలని, ప్రయాణం ఎలా ఉంటుందో ఒకసారి నడిచి చూద్దామని అన్నాడు. నారాయణగూడ చౌరస్తా విమానాశ్రయం. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి అశోక్‌నగర్‌లో మామయ్య ఉండే మూడో అంతస్తు, జర్మనీ. పిన్ని తన బట్టలూ పుస్తకాలూ ఉన్న పెట్టె మోస్తుంది. ఎవరిచ్చిన వస్తువు వాళ్ళు మోస్తారు. జర్మనీ చేరిన ప్రతి వస్తువూ పిన్నితో వెళ్తుంది, దానికి పూచీ ఆయనదే. ఈ మాటకి అమ్మమ్మ ఎంత సంతోషించిందో చెప్పలేను. గెలిచేశాననుకుంది.

ఆదివారం పొద్దున మేము బయల్దేరిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. ముందు తాతయ్య ఉత్త చేతులు ఊపుకుంటూ, వెనక పిన్ని పెట్టెతో, ఆ వెనక అమ్మమ్మ చంకలో జాడీ, చేతిసంచిలో రోలు, పెద్దమ్మ నెత్తిన డబ్బా. రజాయి కింద మామయ్య ఉన్నాడని ఆయన చెప్పుల్ని బట్టి గుర్తుపట్టాలి. చివర్న పీట కావలించుకుని నేను. దారి పొడుగునా జనం ఆగి చూశారు. అరటిపళ్ళ బండి దగ్గరున్న ముసలాయన ఇది సారె అనుకుని, పిల్లగాడు ఏం జేస్తడమ్మా అని అమ్మమ్మని అడిగాడు. అమ్మమ్మకి ఒళ్ళు మండింది గానీ, మాట్లాడే ఊపిరి అప్పటికే లేదు.

ఇంకొంచెం ముందుకెళ్ళాక ఇల్లు వెతుక్కుంటున్న భార్యాభర్తలు మమ్మల్ని పట్టుకున్నారు. వాళ్ళ దృష్టిలో మేము వాటా ఖాళీ చేసి పోతున్నవాళ్ళం.

"పెద్దమనిషీ, ఇల్లు ఖాళీ అయితున్నదా? కిరాయి ఎంత?" అన్నాడాయన.

"మేం జర్మనీ వెళ్తున్నామండీ," అన్నాడు తాతయ్య గంభీరంగా.

"గట్లయితే ఇంకా మంచిది. మీరు జల్ది రారు గదా, మాకే ఇచ్చి పోండ్రి," అందావిడ. అని ఊరుకోలేదు, అమ్మమ్మ అవస్థ చూసి రోలున్న సంచికి రెండో చెవి తాను పట్టుకుని మాతోపాటు నడిచింది. ఆయన కూడా వెంటే వచ్చాడు. వాటా చూడకుండా వదిలేలా లేరు.

నారాయణగూడ చౌరస్తా దగ్గర తాతయ్య అందర్నీ ఆపి, విమానం దిగేశాం, ఇక్కడ రైలు మారాలన్నాడు. మారడమంటే రోడ్డు దాటి అవతలికి వెళ్ళి, మళ్ళీ దాటి ఇవతలికి రావడం. మామయ్యకి రజాయిలోంచి ఏమీ కనపడక, అటు దాటినవాడు ఇటు రావడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా పెద్దమ్మ మూసున్న కొట్టు అరుగు మీద కూలబడి డబ్బా దించింది.

"జర తేలిక చేద్దాం, అందరు తలా నాలుగు తినుండ్రి," అంది. ఎండలో నిలబడి అందరం కరకరలాడించాం. నీళ్ళ పంపు తగాదా మర్చిపోయి అమ్మమ్మ కూడా తింది, నువ్వులు బాగా పడ్డాయని మెచ్చుకుంది. మళ్ళీ లేచి నడుస్తున్నప్పుడు కూడా డబ్బా మూత తెరిచే ఉంది. అశోక్‌నగర్ మలుపు దగ్గరికొచ్చేసరికి అందులో పొడి మిగిలింది.

ఇక మెట్లు. మామయ్య రోజూ ఎక్కే మెట్లే అవి. అయినా రెండో అంతస్తు దాకా వెళ్ళి, రజాయి పరిచి, దాని మీదే కాళ్ళు బారజాపి కూర్చుండిపోయాడు. రోలు మొదటి మెట్టు దగ్గరే ఆగింది. దాన్నెవరూ పైకి తెమ్మనలేదు, వదిలెయ్యమనీ అనలేదు. అమ్మమ్మ మాత్రం జాడీని చంక మార్చుకుంటూ మొదటి అంతస్తు దాకా ఎక్కి, గోడకి ఆనుకుంది. పైన పిన్ని పెట్టె మెట్టు మెట్టుకీ తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. అమ్మమ్మ ఆ చప్పుడు కాసేపు విన్నది.

"ఇదంతా అది ఒక్కతే మొయ్యాలా?" అంది మెల్లిగా. నేను ఆవిడ పక్కనే ఉన్నాను కాబట్టి ఆ మాట నాకే అన్నదని చాలాకాలం అనుకున్నాను. జాడీని ఆ మెట్టు మీదే పెట్టేసింది.

నేను ఆగలేదు. నాకు వయసు తక్కువ, మొండితనం ఎక్కువ. పీటని ఒక మెట్టు మీద పెట్టి, నేనెక్కి, మళ్ళీ దాన్ని పై మెట్టు మీద పెట్టి, గడ్డం గీరుకుపోయినా సరే మూడో అంతస్తుకి చేర్చాను. తాతయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నన్నూ పీటనీ చూసి ఆయన మొహం పాలిపోయింది. పెద్దవాళ్ళందర్నీ తప్పించిన ఎత్తుగడకి నేనొక్కదాన్నే చిక్కలేదు. మాటంటే మాటే కాబట్టి, ఇది వెళ్ళాల్సిందేనమ్మా అని పిన్నితో అన్నాడు. పిన్ని పెట్టె తెరిచి చలికోటు తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది, పీటకి చోటు చెయ్యడానికి.

అప్పుడు పిన్ని అరచేతులు చూశాను. పెట్టె పిడి ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయాయి. నా చేతులు కూడా అలాగే మండుతున్నాయి. ఒక పీటకే నాకింత నొప్పి పుడితే, ఆ పెట్టెలో ఇది కూడా పడితే ఆమెకెలా ఉంటుందో ఎవరూ నాకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పీట వెనక్కి లాక్కున్నాను. వద్దులే పిన్నీ, గింజలు తీసుకెళ్ళు చాలు అన్నాను. అనేసి భోరుమని ఏడ్చాను. గెలిచి ఏడ్చినదాన్ని నేనొక్కదాన్నే అని తాతయ్య తర్వాత ఎన్నేళ్ళో వెక్కిరించేవాడు.

ఆ మధ్యాహ్నం మామయ్య ఇంట్లోనే జాడీ తెరిచారు. అమ్మమ్మ వేడి అన్నంలో ఆవకాయ కలిపి, పిన్నికి తన చేత్తో ముద్దలు పెట్టింది. పెద్దమ్మ తనూ ఒక ముద్ద పెట్టింది. ఇల్లు వెతుక్కునే భార్యాభర్తలు కూడా మాతోపాటే కూర్చుని తిన్నారు. అదే మేడలో కింది వాటా ఖాళీగా ఉందని తెలిసి, వారం తిరక్కుండా అందులో దిగారు. రోలు అప్పటికే ఆ ఇంటి గుమ్మంలో ఉంది గనక వాళ్ళకే ఉండిపోయింది. ఎవరూ ఎవరికీ వద్దని చెప్పలేదు, ఎవరూ నొచ్చుకోలేదు. సోమవారం పిన్ని కాలేజీకి పోయి, జర్మనీ వెళ్తున్నానని చెప్పొచ్చింది.

సెమిస్టర్ అయ్యాక తిరిగొచ్చినరోజు పిన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సంచిలోంచి గుంటలు గుంటలుగా ఉన్న అట్టపెట్టెలు తీసింది. వాటిని పక్కపక్కన పెట్టుకుని, నా చింతగింజలతో గదిలోని అమ్మాయిలకి వామనగుంటలు నేర్పిందట. ఆడినప్పుడల్లా నా పేరు చెప్పేదట. నా కడుపు నిండిపోయింది. అవి కోడిగుడ్ల పెట్టెలని తెలిసి అమ్మమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. పెట్టెలు మాత్రమేనమ్మా, గుడ్లు పక్క గది పిల్ల తింది అని పిన్ని ఒట్టేసింది. అమ్మమ్మ నమ్మినట్టే ఉంది. నేను ఇప్పటికీ నమ్మలేదు.

ఇప్పుడు నేనుండేది అశోక్‌నగర్‌లోనే, కింద కోచింగ్ పిల్లల హాస్టళ్ళు, పైన మా వాటా. మొన్న మా మనవరాలు ఒక సెమిస్టర్ చదువుకి పై దేశం వెళ్తూ పెట్టె సర్దుకుంటుంటే, నాకు తెలియకుండానే నా చెయ్యి ఆవకాయ జాడీ మీదకి పోయింది. జాడీ ఎత్తుకుని కిందకి దిగాను. పైకి మోయగలనో లేదో చూద్దామని, లిఫ్టు ఉన్నా మెట్లే ఎక్కాను. రెండో అంతస్తులో నా మోకాళ్ళు తాతయ్య తీర్పు చెప్పేశాయి. జాడీ అక్కడి పొరుగింటావిడకి ఇచ్చేసి పైకొచ్చాను. ఎందుకమ్మమ్మా ఈ వయసులో ఈ సర్కస్ అని పిల్ల నవ్వింది. నా కొంగు ముడి విప్పి, నాతో మూడో అంతస్తు దాకా ఎక్కొచ్చిన గుప్పెడు చింతగింజలు దాని చేతిలో పోశాను. పీట ఏదని అడిగింది. అక్కడ గుడ్లు అమ్ముతారులే అన్నాను.