ఆ గొంతు మా వదినది కాదు

పోయిన నెల ఒక ఉదయం ఇడ్లీలు పొయ్యి మీద ఉండగా ఫోను మోగింది. మా వదిన కూతురు. "అత్తా, అమ్మ పోయింది" అంది. జ్వరమని హైదరాబాదులో ఆసుపత్రిలో చేరిన సంగతి తెలుసు. రెండు రోజుల్లో ఇంటికి వస్తుందనే అందరం అనుకున్నాం. ఇడ్లీలు మాడిన వాసన వచ్చేదాకా నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను.

వదిన అంటే మా మేనత్త కూతురు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇద్దరం ఆలూరులో ఒకే బడిలో చదివాం. నేను పెళ్ళయి కడపకు వచ్చాను, ఆమె హైదరాబాదు పోయింది. మీలో చాలామందికి ఆమె టీవీలో రోజూ కనిపించే అత్తగారు.

మరుసటి రోజు పేపరులో ఆమె ఫోటో వేశారు. కింద "తియ్యని గొంతుతో తెలుగు ఇళ్ళను అలరించిన నటి ఇక లేరు" అని రాశారు. ఆ వాక్యం చదివాక నాకు ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు. ఇంటి లెక్కలో తప్పు పడితే అది దిద్దేదాకా నాకు ఇంకో పని తోచదు. ఈ తప్పును ఎవరూ దిద్దలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఆ గొంతు మా వదినది కాదు. ఇన్నేళ్ళుగా నడుస్తున్న ఆ సీరియల్లో ఒక్క మాట కూడా మా వదిన గొంతులో లేదు. ఆమె నటించింది. మాట ఇంకొకరు చెప్పారు.

ఆమె అసలు గొంతు ఎలాంటిదో చెప్పాలంటే బడి వార్షికోత్సవం దగ్గర మొదలుపెట్టాలి.

మాది ఆడపిల్లల బడి. నాటకంలో మగ వేషాలూ మేమే వేయాలి. తెలుగు టీచరు కరువు మీద ఒక చిన్న నాటకం రాశారు. ఊరికి కరువు చూడటానికి ఆఫీసర్లు వస్తారు, ఒక ముసలాయన వాళ్ళకు జవాబులు చెప్తాడు. ఆ ముసలాయన వదిన. టీచరు మొదట ఆ మాటలన్నీ పుస్తకంలో ఉన్నట్టు రాశారు. రిహార్సల్లో వదిన వాటిని తనకు తెలియకుండానే ఆలూరు మాటల్లోకి మార్చేసేది. టీచరు రెండు రోజులు దిద్ది, మూడో రోజు తన కాగితాన్నే దిద్దుకున్నారు. "ఈ ముసలాయన నీ మాదిరే మాట్లాడతాడులే. కడుపులోంచి చెప్పు" అన్నారు.

ఆ రోజు ఊళ్ళో తేరుబజారు నుంచి కూడా జనం వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. ఆఫీసరు వేషం వేసిన పిల్ల "మీ ఊళ్ళో ఏం పండుతాయి?" అని అడిగింది.

"రాళ్ళు పండుతాయి సామీ" అంది వదిన. "ఎరువు అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు. మీరు గూడా రెండు మూటలు ఎత్తకపోండి."

జనం నవ్వుతుండగానే, మైదా పిండితో అంటించిన మీసం సగం ఊడి వేలాడింది. దానికి టీచరు రాసిన మాటేమీ లేదు. వదిన మీసాన్ని చేతిలోకి తీసుకుని దాన్నే చూస్తూ, "సూడండి సామీ, కరువుకు మీసం గూడా రాలిపాయె" అంది. నవ్వి నవ్వి వెనక వరసలో ఒక పెద్దాయన తలపాగా తీసి కళ్ళు తుడుచుకోవడం నాకు గుర్తుంది. ఆ తర్వాత ఆమె గొంతు తగ్గించి, చచ్చిపోయిన ఎద్దు గురించి చెప్పింది. నవ్విన వాళ్ళే ఊపిరి బిగబట్టి విన్నారు. మైకు లేదు. అయినా ఎవరూ "గట్టిగా చెప్పు" అనలేదు. ఆమె గొంతులో గరుకుతనం ఉండేది. ఎండిన జొన్న దంటు విరిచినట్టుండేది. మెత్తగా మాట్లాడినా దూరం పోయేది.

అక్కడి నుంచి కర్నూలులో పోటీలకు వెళ్ళింది, కాలేజీలో బహుమతులు తెచ్చుకుంది. పెళ్ళయ్యాక అన్న, అంటే వదిన భర్త, ఉద్యోగం హైదరాబాదులో కాబట్టి అక్కడికి వెళ్ళిపోయింది. అన్న నెమ్మదస్తుడు. ఆదివారాల్లో నాటకాల వాళ్ళ దగ్గరికి పోతానంటే వద్దనలేదు. అక్కడ చూసిన వాళ్ళెవరో ఒక సీరియల్లో పక్కింటామె వేషానికి పిలిచారు. తర్వాత పనిమనిషి, పెళ్ళిళ్ళ పేరమ్మ, నర్సు. చివరికి అత్తగారి వేషం వచ్చింది. ఆ సీరియల్ బాగా నడిచింది. ఊళ్ళో వాళ్ళు నన్ను నా పేరుతో పిలవడం మానేసి "సీరియల్ అత్త మరదలు" అనేవాళ్ళు.

ఆ వేషం ఇచ్చిన రోజే చెప్పేశారట. "మీ మొహం బాగుంది, కళ్ళు బాగున్నాయి. గొంతులో సీమ ఉంది. డబ్బింగ్ పెట్టేస్తాం, మీరేం దిగులుపడకండి" అని. దిగులుపడకండి అట! వేరే రాష్ట్రం నుంచి వచ్చిన, తెలుగు ముక్క రాని హీరోయిన్‌కు డబ్బింగ్ పెడితే అర్థం చేసుకోవచ్చు. తెలుగులో పుట్టి తెలుగులో పెరిగిన మనిషికి తెలుగు రానట్టు లెక్కకట్టారు.

వదిన ఊరుకోలేదు. నా మాటలు నేనే చెప్పుకుంటానని అడిగింది. పుస్తకంలో ఉన్నట్టు పలకడం ఆమెకు రాక కాదు. కావాలంటే అట్లా కూడా పలికేది. ఒక ఏడుపు సీను ఇచ్చి చెప్పించి చూశారు. విన్నాక స్టూడియోలో ఒకతను, "అమ్మా, ఏడుస్తున్నా జగడం ఆడినట్టే ఉంది" అన్నాడట. ఆ రోజు నాకు ఫోను చేసి చెబుతూ వదిన పగలబడి నవ్వింది.

"మన ఊళ్ళో ఏడ్సేదే జగడమాడినట్టు కదా మే. ఎవరి మీదన్నా కోపం లేకుండా ఎవరు ఏడుస్తారు?" అంది.

నేను నవ్వలేదు. కాసేపటికి ఆమె కూడా నవ్వడం ఆపేసింది. "సరే, రోట్లో పిండి ఉండాది, పెట్టేస్తా" అని ఫోను పెట్టేసింది. ఆమె ఇంట్లో రోలు లేదని నాకు తెలుసు.

ఒకసారి నేను పెళ్ళికని హైదరాబాదు వెళ్ళినప్పుడు వదిన నన్ను షూటింగ్‌కు తీసుకుపోయింది. అక్కడ కెమెరా పక్కన ఒకతను కాగితం చూసి డైలాగు చదువుతుంటే, నటులు అతని వెనకే పెదాలు కదుపుతున్నారు. ఎట్లాగూ డబ్బింగ్ కదా అని ఒకమ్మాయి అంకెలు కూడా చెప్పింది, ఒకటి రెండు మూడు అని, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని. వదిన మాత్రం మొత్తం కంఠస్థం చేసుకుని, ప్రతి మాటా పూర్తిగా, గొంతెత్తి చెప్పింది. లైట్ల కింద నిలబడిన పనివాళ్ళు కూడా చేతులాపి విన్నారు.

"ఎట్లాగూ తీసేస్తారు కదా వదినా, ఎందుకింత కష్టం?" అని అడిగాను.

"గొంతు మింగేస్తే మొగం కదల్దు మే. మాట నిజంగా చెప్పకపోతే కండ్లు అబద్ధం చెప్తాయి" అంది.

ఆ సాయంత్రం డబ్బింగ్ చెప్పే ఆమెను చూపించింది. సన్నగా, చిన్నగా ఉన్న మనిషి. వదిన ఆమె భుజం మీద చేయి వేసి, "ఇదో మే, నా గొంతు. బాగా చూసుకో" అంది. ఆమె సిగ్గుపడి, "మీ వదినగారు ఎక్కడ ఊపిరి తీసుకుంటే నేనూ అక్కడే తీసుకుంటానండీ. అంత బాగా చెబుతారు" అంది నాతో. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె పేరు తెర మీద ఒక్కరోజూ పడలేదు. ఒకరి గొంతునీ ఇంకొకరి పేరునీ మాయం చేసి తీసిన బొమ్మ అది.

నాకు అన్నిటికంటే మంట పుట్టించింది ఇంకొకటి. రెండేళ్ళ కిందట అదే కంపెనీ వాళ్ళు ఇంకో సీరియల్ మొదలుపెట్టారు. అందులో సీమ నుంచి వచ్చిన ఒక గయ్యాళి ఆమె ఉంది. ఆ వేషం ఎక్కడి నుంచో వచ్చిన ఒక అమ్మాయికి ఇచ్చి, "మేడమ్, ఈ అమ్మాయికి కాస్త మీ యాస నేర్పండి" అని వదినను అడిగారు. గొంతులో సీమ ఉందని పక్కన పెట్టిన మనిషినే! నేర్పింది. నేను ఫోనులో గట్టిగా తిట్టాను.

"ఏమే, నా మీద అరుస్తాండావు? ఆ పిల్ల తప్పు పలికితే నామర్దా ఎవరికి? మనకే కదా" అంది.

కడపకు వచ్చినప్పుడల్లా మా వీధి ఆడవాళ్ళంతా ఆమెను చూడటానికి వచ్చేవాళ్ళు. ఒకసారి మా పక్కింటావిడ ఆమె మాట విని ముఖం చిన్నబుచ్చుకుంది. "టీవీలో మాదిరి లేదే మీ గొంతు. జలుబు చేసిండాదా?" అని అడిగింది.

"పుట్టినప్పట్నించీ జలుబేమ్మా నాకి" అంది వదిన. అందరూ నవ్వారు. తర్వాత వంటింట్లోకి వచ్చి, నేను వేయించిన చెనిక్కాయలు పిడికెడు తీసుకుని, ఒక్కొక్కటే పొట్టు తీస్తూ చాలాసేపు నిలబడింది. నేను పెళ్ళైన కొత్తలో మా అత్తవారింట్లో నోరెత్తేదాన్ని కాదు. "గొంతు లేపేకి ఎవరి పర్మిషన్ కావాల్నే నీకి?" అని ఈ వంటింట్లోనే నన్ను గదమాయించింది ఆమె. నేనిప్పుడు దుకాణంలోనైనా, ఆఫీసులోనైనా, మా ఆయన దగ్గరైనా అనుకున్నది గట్టిగా చెప్పగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. అలాంటి మనిషి చెనిక్కాయల పొట్టు తీస్తూ ఒక్క మాటా మాట్లాడకపోవడం నాకు ఆ రోజు నచ్చలేదు. ఇప్పుడు తలచుకుంటే ఇంకా నచ్చదు.

ఆమె పోయిన తర్వాత సోమవారమే సీరియల్‌లో కొత్త ఆమె వచ్చింది. కింద ఒక వరస, ఇకపై ఈ పాత్రలో ఫలానా అని. అదే పట్టుచీర, అదే తాళాల గుత్తి. నోరు తెరిస్తే అదే గొంతు. కళ్ళు మూసుకుంటే మా వదిన చావనే లేదు. పక్కింటావిడ నన్ను ఓదార్చడానికే అంది పాపం, "గొంతు అదే కదమ్మా. నాలుగు దినాలు చూస్తే అలవాటైపోతాది" అని. మీలో ఎంతమందికి అలవాటైపోయిందో నాకు తెలియదు. చూసేవాళ్ళ మీద కోపం లేదని రాయాలనుకున్నాను గాని, కొంచెం ఉంది.

షూటింగ్‌లో ఆమె చెప్పిన మాటలు డబ్బింగ్‌కు ఆనవాలుగా రికార్డు చేస్తారు. అవి ఇమ్మని వదిన కూతురు కంపెనీని అడిగింది. "డబ్బింగ్ అయిపోయాక ఆ సౌండు తీసేస్తామమ్మా. పెట్టుకోవడానికి జాగా చాలదు" అన్నారట. నా ఫోనులో ఆమె గొంతుతో పంపిన మాటలు కొన్ని ఉన్నాయి. పొడి కొట్టి పంపమని, బస్సు ఎక్కినానని, కాలు నొప్పి అని. అవి ఇంటి మాటలు. ఆ అత్తగారి వేషంలో ఆమె నటించిన గొంతు మాత్రం ఎక్కడా మిగల్లేదు.

పోయిన ఆదివారం కర్నూలులో కళాకారులు కొందరు సంతాప సభ పెట్టారు. తెర మీద సీరియల్ ముక్కలు వేస్తామన్నారు. నేను ముందే ఫోను చేసి, బొమ్మ వేయండి, శబ్దం మాత్రం వద్దు అని, కారణం కూడా చెప్పాను. సభ పెద్దాయన "అట్లనేలేమ్మా" అన్నారు.

మా మేనత్తను, అంటే వదిన తల్లిని, ఆలూరు నుంచి కారులో తీసుకొచ్చారు. ఆమెకు చూపు దాదాపు పోయింది, చెవులు మాత్రం చురుకు. ముందు వరసలో నా పక్కన కూర్చుంది. దండలు, ఉపన్యాసాలు అయ్యాక లైట్లు తీసి తెర మీద వదినను చూపించారు. కొడుకును నిలదీసే పెద్ద సీను అది. శబ్దం పూర్తిగా పెట్టారు. ఆ తియ్యటి గొంతు హాలంతా నిండింది. వెనక ఎవరో ముక్కు చీదుకుంటున్నారు.

మేనత్త నా చేయి గుంజింది. "ఎవరే ఆ మాట్లాడేది?"

నేను జవాబు చెప్పేలోపే సభ పెద్దాయన వంగి, "మీ బిడ్డేనమ్మా" అన్నారు ఎంతో మర్యాదగా.

"నా బిడ్డ యాడ మాట్లాడతాండాదప్పా?" అంది ఆమె. ఆ గొంతు కూడా దూరం పోయే గొంతే. ముందు నాలుగు వరసలూ తిరిగి చూశాయి. "నా బిడ్డ గొంతు నాకి తెల్దా? ఎవుతినో తెచ్చి పెట్టి నా బిడ్డంటావా?"

పెద్దాయన నా వైపు తిరిగి, "కాస్త సర్దిచెప్పమ్మా, జనం చూస్తాండారు" అన్నారు. ఇంక నేను సర్దిచెప్పదలచుకోలేదు. లేచి వేదిక పక్కకు పోయాను. అక్కడ స్పీకరు వైరు గోడ ప్లగ్గులోకి పోతోంది. పీకేశాను.

"ఏమ్మా ఇది, మర్యాదేనా?" అన్నాడు మైకుల అబ్బాయి.

"ఇదే మర్యాద" అన్నాను. "మళ్ళీ పెట్టినావంటే మళ్ళీ పీకుతా."

ఎవరూ మళ్ళీ పెట్టలేదు. శబ్దం పోయినా తెర మీద బొమ్మ ఆగలేదు. నేను వచ్చి మేనత్త పక్కన నిలబడ్డాను. ఆమెను ఇంకా ఇక్కడ ఉంచి కష్టపెట్టడం ఎందుకనిపించింది.

"పోదామా అత్తా?" అన్నాను.

"ఉండే" అంది ఆమె, నా చేయి పట్టి కూర్చోబెడుతూ. "దాన్ని చెప్పనీ."

తల కొంచెం పక్కకు వంచి, చెవి తెర వైపు పెట్టి కూర్చుంది. తెల్లటి గుడ్డ మీద వదిన ఒక్క మాటా మింగకుండా, మెడ నరాలు ఉబ్బేలా చెబుతూనే ఉంది.