ఇటలీ అమ్మాయి, మా ఇంటి మిరపకాయలు

జిమ్నాస్టిక్స్‌లో నాకూ కాస్త అనుభవం ఉంది. బడి గోడ ఎక్కి దూకేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో ఒకసారి దూకుడు ఎంత బాగా కుదిరిందంటే, ఇప్పటిదాకా గోడ అవతలే ఉండిపోయాను. తర్వాత నర్సు అయిన మా ఆవిడ వీసా కొంగు పట్టుకుని హామిల్టన్‌లో దిగాను. ఇక్కడ పార్సిళ్ల వ్యాన్ తోలుతాను.

అలాంటివాడి కూతురు బీమ్ అనే సన్నటి దూలం మీద పిల్లిమొగ్గలు వేసేది. దానికి దేవతా గురువూ వీడియోల్లో చూసే ఒక ఇటలీ అమ్మాయి. చిన్నప్పుడే పతకాలు కొట్టిందట. ఆ దేశంలో ఆడపిల్లలు ఆమెలాగే జుట్టు ముడేసుకునేవాళ్లట. కాలు దెబ్బతిని ఇక ఆమె పని అయిపోయిందన్నాక కూడా తిరిగొచ్చింది. పతకం రాని రోజున సైతం జనం లేచి నిలబడ్డారు. దిగుతూ బోర్లాపడినా లేచి రెండు చేతులూ పైకెత్తి నవ్వేది. అలా ఎత్తితేనే ఆట ముగిసినట్టు లెక్క. ఇదంతా మా అమ్మాయిని జిమ్‌కి తిప్పుతూ వ్యాన్‌లో విని నేర్చుకున్న చదువు.

కిందటి చలికాలం బీమ్ మీంచి దిగుతూ మా అమ్మాయి మోకాలు మెలితిరిగింది. నడక వస్తుంది గానీ దూకడం మాత్రం ఇక మరిచిపొమ్మన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు. మా ఆవిడ స్కాన్ రిపోర్టు తనే చూసుకుని మడిచి పెట్టేసింది. అమ్మాయి గోడ మీది ఇటలీ పోస్టరు తీసి మంచం కిందకి తోసింది. ఊరుకోనిది నేనొక్కణ్ణే. ఆ ఇటలీ అమ్మాయి తిరిగొచ్చిన వీడియోలు వెతికి వెతికి అమ్మాయి ఫోన్‌కి పంపేవాణ్ణి. నీలం టిక్కులు పడేవి, జవాబు వచ్చేది కాదు.

ఒక ఆదివారం మా ఆవిడ ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టి అమ్మాయి చుట్టూ తిప్పింది. అమ్మాయి ఆట వీడియో నేను తెలుగువాళ్ల గ్రూపులో పెట్టబట్టే దిష్టి తగిలిందని ఆమె అనుమానం. ఆస్పత్రిలో పనిచేసే మనిషి! ఇంకోరోజైతే వారం పాటు ఏడిపించేవాణ్ణి. ఆ రోజు నాకూ అది దిష్టే కావాలనిపించింది. దిష్టయితే తీసేయొచ్చు. దిష్టి ఉంటే మిరపకాయలు మాడినా ఘాటు రాదంటారు. ఇద్దరం పెనం మీదకి వంగి నిలబడ్డాం.

ఘాటు వచ్చింది. ముగ్గురం ఊపిరాడక దగ్గాం. స్మోక్ అలారం గోల పెట్టింది. ఎవరి కన్నూ పడలేదు. ఉన్నదల్లా మోకాలే. మా ఆవిడ స్టవ్ కట్టేసి సింకు వైపు తిరిగిపోయింది.

నేను కుర్చీ ఎక్కి, తువ్వాలు రెండు చేతులా పైకెత్తి విసురుతూ, మీ ఇటలీ ఆవిడకి ఉత్త చప్పట్లే, నీకు సైరనే మోగించారు చూడు అన్నాను. ఎవరూ నవ్వలేదు. అలారం ఆగింది. నేను ఆగలేదు. వచ్చే ఏడు నువ్వు మళ్లీ బీమ్ ఎక్కినప్పుడు అంటూ ఇంకేదో మొదలుపెట్టాను.

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబెప్పుడూ ఇంగ్లిషులోనే. ఆ రోజు మాత్రం తెలుగులో చెప్పింది.

"అయిపోయింది నాన్నా. చేతులు దించు."